రోజూ దూరపు రైలెక్కి కొలువుకు వెళ్ళేవారు ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?

కొలువు ఒక నగరంలో, కాపురం మరో ఊళ్ళో ఉండక తప్పని పరిస్థితి చాలామందికి ఏదో ఒక దశలో ఎదురవుతుంది. నగరంలో అద్దె భరించలేక కొందరు, భార్యాభర్తల ఉద్యోగాలు చెరో దిక్కున ఉండి కొందరు, వయసు మళ్ళిన తల్లిదండ్రులను వదిలి ఉండలేక మరికొందరు రోజూ వంద, నూటయాభై కిలోమీటర్లు రైలులో అప్ అండ్ డౌన్ చేయడానికి సిద్ధపడతారు. అలా సిద్ధపడినవారు ఇల్లు ఎక్కడ వెతుక్కోవాలో, ఏ వరుసలో ఏమేం చూసుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను పదకొండేళ్ళు ఇలా తిరిగాను, ఆ కాలంలో మూడు ఇళ్ళు మారాను. మొదటి రెండు ఇళ్ళు ఎంచుకున్నప్పుడు రైలు ఎంతసేపట్లో చేరుస్తుందన్నది ఒక్కటే చూశాను. ఆ రెండు చోట్లా నిలవలేకపోయాను. మూడో ఇంటిని ఎంచుకున్నప్పుడు మాత్రం, పని ఆలస్యమై, రైలు తప్పి, వాన కురుస్తున్న రాత్రి నేను ఆ గడప ఎలా చేరుకోగలను అని అడిగి చూసుకున్నాను. కింద చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇల్లు చూడకముందే హద్దు రాసుకోండి

ఇళ్ళ ప్రకటనలు తెరవడానికి ముందే, ఒకవైపు ప్రయాణానికి గడప నుంచి గడప దాకా మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ సమయం ఎంతో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇల్లు నచ్చాక రాసుకునే హద్దు నిలవదు, నచ్చిన ఇంటికి సరిపోయేలా సాగుతూ పోతుంది.

ఆ హద్దును తేలికగా తీసుకోవద్దని చెప్పడానికి కారణం ఉంది. ఇటలీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త సెజారే మార్కెట్టి 1994లో ప్రచురించిన వ్యాసంలో, కాలినడక రోజుల నుంచి కార్ల రోజుల దాకా మనుషులు సగటున రోజుకు దాదాపు ఒక గంటనే ప్రయాణానికి ఇస్తూ వచ్చారని, వాహనాల వేగం పెరిగినప్పుడల్లా సమయం మిగుల్చుకోవడానికి బదులు దూరం పెంచుకున్నారని వాదించాడు. దూరపు రైలు పట్టేవారు ఆ సగటుకు మూడు, నాలుగు రెట్లు ఇవ్వడానికి పూనుకుంటున్నారన్నమాట. స్విస్ ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ జర్మనీ కుటుంబాల సర్వే సమాచారాన్ని పరిశీలించి, ప్రయాణ సమయం పెరిగినకొద్దీ జీవితం పట్ల తృప్తి తగ్గుతోందని, ఎక్కువ జీతం గానీ మంచి ఇల్లు గానీ ఆ లోటును పూర్తిగా పూడ్చడం లేదని చూపించారు. అంటే దూరాన్ని ఒప్పుకునేటప్పుడు మనం దాని బరువును ఉన్నదానికన్నా తక్కువగా అంచనా వేస్తాం. కొత్త ఇంటి పెరడుకు కొన్ని నెలల్లోనే అలవాటు పడతాం. నిలబడి చేసే ప్రయాణానికి, ఆలస్యానికి మాత్రం అంత త్వరగా అలవాటు పడలేం.

నా అంచనా ఇది. వారానికి అయిదు రోజులు వెళ్ళవలసినవారు ఒకవైపుకు గంటన్నర దాటకూడదు. మూడు రోజులు వెళ్తే చాలునన్నవారు రెండున్నర గంటల దాకా ఆలోచించవచ్చు. లెక్కకు రెండూ వారానికి 15 గంటలే అవుతాయి. అయితే రెండున్నర గంటల ప్రయాణం ఉన్న రోజున ఇంట్లో మరే పనికీ ఆశ పెట్టుకోకూడదు. దానికి బదులుగా మిగిలిన రోజులు పూర్తిగా మీవి అవుతాయి. ఇంటి నుంచి పని చేసే వెసులుబాటును ఆఫీసు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు కనుక, ఆ వెసులుబాటు మీ నియామక పత్రంలో రాసి ఉందో, కేవలం పైఅధికారి నోటిమాటగా ఉందో హద్దు రాసుకునే ముందే తేల్చుకోండి. నోటిమాట మాత్రమే అయితే అయిదు రోజుల లెక్కనే పట్టుకోండి.

గడప నుంచి గడప దాకా కొలవండి

ఇంటి ప్రకటనలో “నగరానికి రైలులో గంటా అయిదు నిమిషాలే” అని ఉంటుంది. ఆ 65 నిమిషాలు రైలు కదలడానికి, ఆగడానికి మధ్య కాలం మాత్రమే. దానికి ఇంటి నుంచి స్టేషన్‌కు నడక 18 నిమిషాలు, రైలు తప్పకుండా ఉండడానికి ముందుగా చేరే వ్యవధి 7 నిమిషాలు, దిగాక జనంతో పాటు మెట్లెక్కి బయటపడడానికి 6 నిమిషాలు, అక్కడి నుంచి ఆఫీసుకు 16 నిమిషాలు కలపండి. మొత్తం 112 నిమిషాలు అవుతుంది. రానూపోనూ రోజుకు 224 నిమిషాలు, ఏడాదికి 230 పనిరోజులనుకుంటే దాదాపు 859 గంటలు, అంటే రాత్రీ పగలూ కలిపి దాదాపు 36 రోజులు. ఈ చివరి అంకెను కాగితం మీద పెద్దగా రాసుకోండి, ఎందుకంటే పది నిమిషాల తేడా ఏడాదిలో ఎంతవుతుందో అది కళ్ళకు కట్టిస్తుంది: ఒకవైపుకు పది నిమిషాలు తగ్గితే ఏడాదికి 76 గంటలకు పైగా మిగులుతాయి.

నడక దూరాన్ని ప్రకటనలను బట్టి నమ్మకండి. జపాన్‌లో ఇళ్ళ ప్రకటనలకు ఒక నియమం ఉంది: 80 మీటర్లను ఒక నిమిషంగా లెక్కించి చూపాలి. ఏ దేశంలో ఉన్నా ఆ కొలతను వాడుకోవచ్చు, కానీ అందులో సిగ్నళ్ళ దగ్గర ఆగడం, ఎత్తు ఎక్కడం లెక్కలోకి రావు. అందువల్ల ఆఫీసుకు వేసుకునే చెప్పులతో, మోసుకెళ్ళే సంచీతో, వెళ్ళే వేళకే ఒకసారి నడిచి చూడండి. స్టేషన్ గేటు దగ్గర ఆగిపోకుండా, మీ రైలు వచ్చే ప్లాట్‌ఫారం మీద మీ పెట్టె ఆగే చోటు దాకా వెళ్ళి అక్కడ గడియారం చూసుకోండి. పెద్ద స్టేషన్లలో ఈ ఆఖరి నడకే నాలుగైదు నిమిషాలు తినేస్తుంది.

ఆఫీసు నుంచి వెనక్కి రండి

చాలామంది మ్యాపులో ఊళ్ళు చూసి, ఆ తరువాత రైళ్ళు వెతుకుతారు. దానికి బదులు ఆఫీసు నుంచి మొదలుపెట్టండి. ఆఫీసుకు పదిహేను నిమిషాల నడకలో ఏయే స్టేషన్లు ఉన్నాయో చూడండి. ఆ స్టేషన్లకు మారే పని లేకుండా నేరుగా వచ్చే లైన్లు ఏవో రాసుకోండి. అప్పుడు ఒక్కో లైను వెంట బయటికి వెళ్తూ, ప్రతి స్టేషన్ ఎదుటా ఉదయం వెళ్ళడానికి పనికివచ్చే రైళ్ళు ఎన్ని, సాయంత్రం తిరిగి రావడానికి ఎన్ని, ప్రయాణం ఎంతసేపు అని మూడు గడులు నింపండి. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని ఇది, కానీ దీనితో సగం ఊళ్ళు జాబితాలోంచి రాలిపోతాయి.

ఈ పట్టిక నింపుతున్నప్పుడు ఒక విషయం బయటపడుతుంది. దూరమూ సమయమూ ఒకటి కావు. ఎక్స్‌ప్రెస్ ఆగే స్టేషన్ 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, అన్ని చోట్లా ఆగే ప్యాసింజర్ మాత్రమే దొరికే 50 కిలోమీటర్ల స్టేషన్ కన్నా సమయంలో దగ్గర కావచ్చు. ఎక్స్‌ప్రెస్ ఆగే ఊరికి ఒక స్టేషన్ ముందో తరువాతో ఇల్లు తక్కువ అద్దెకు దొరుకుతుంది. ఆ తక్కువ అద్దెకు ఆశపడిన వారిలో నేనూ ఒకణ్ణి. నా రెండో ఇల్లు అలాంటిదే. ఎక్స్‌ప్రెస్ ఆ ఊరి ప్లాట్‌ఫారం పక్క నుంచే దూసుకుపోతుంటే, నేను దాని వెనక వచ్చే ప్యాసింజర్ కోసం ఇరవై అయిదు నిమిషాలు నిలబడేవాణ్ణి.

నగరానికి వెళ్ళే రెండు వేర్వేరు లైన్లు కలిసే జంక్షన్ ఊళ్ళకు పట్టికలో ఒక చుక్క పెట్టండి. అక్కడి నుంచి నగరానికి రెండు వైపుల రైళ్ళూ దొరుకుతాయి కనుక, ఒక లైనులో అవాంతరం వచ్చినా రెండో దానిలో ఇల్లు చేరే అవకాశం ఉంటుంది. అద్దె కాస్త ఎక్కువైనా నేను జంక్షన్ వైపే మొగ్గుతాను.

రైలు మారవలసి వస్తే, ఎక్కడ మారుతున్నారో చూడండి

ఇది ఎక్కువమంది పొరపాటు పడే చోటు కనుక కొంచెం వివరంగా చెబుతాను. మారడం అన్నీ ఒకే రకం కాదు. నగరంలో దిగి, అయిదు నిమిషాలకొకటి వచ్చే మెట్రో ఎక్కడం పెద్ద నష్టం కాదు. ఒకటి తప్పితే మరొకటి వస్తుంది. వేళ చూసుకోకుండా స్టేషన్‌కు వెళ్ళేవారు సగటున రైళ్ళ మధ్య వ్యవధిలో సగం సేపు ఎదురుచూస్తారు కనుక, అక్కడ మీ నష్టం రెండున్నర నిమిషాలు. అదే మారడం ఇంటివైపు ఉండి, ఎక్కవలసినది గంటకొక్కటి నడిచే చిన్న లైను బండి అయితే, ముందు రైలు మూడు నిమిషాలు ఆలస్యమైనా గంట పోతుంది. పైగా అది రోజు చివర, అలసిన వేళ, చీకట్లో పోయే గంట.

లెక్క వేసి చూద్దాం. ఒక కనెక్షన్, అంటే ఒక రైలు దిగి అందుకోవలసిన రెండో రైలు, ఇరవై సార్లలో ఒకసారి తప్పుతుందనుకోండి. వినడానికి అది పెద్ద ప్రమాదంగా అనిపించదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మారేవారికి రెండింటిలో కనీసం ఒకటి తప్పే అవకాశం రోజుకు దాదాపు నూటికి పది. అంటే రెండు పనివారాలకు ఒకసారి, నెలకు రెండుసార్లు. నెలకు రెండుసార్లు ఆఫీసులోనో ఇంట్లోనో ఎవరో ఒకరు మీకోసం కాచుకుని కూర్చోవలసి వస్తుందని ముందే తెలిసి ఆ ఇంట్లో దిగాలి.

కనెక్షన్లను నమ్ముకోదగిన చోట్లు కూడా ఉన్నాయి. నెదర్లాండ్స్ 1970లో, స్విట్జర్లాండ్ 1982లో దేశమంతటా ప్రతి గంటా అదే నిమిషానికి రైలు నడిచే టైమ్‌టేబుల్ ప్రవేశపెట్టాయి. స్విట్జర్లాండ్‌లో పెద్ద స్టేషన్లకు రైళ్ళన్నీ దాదాపు ఒకే వేళకు చేరి, కొద్ది నిమిషాల్లో ఒకదాని ప్రయాణికులు మరొకదానిలోకి మారేలా ఆ పట్టికను తీర్చుకుంటూ వచ్చారు. మీరు చూస్తున్న లైను ఇలాంటి పద్ధతిలో నడుస్తోందో లేదో టైమ్‌టేబుల్ చూస్తేనే తెలుస్తుంది: నిమిషాల గడి ప్రతి గంటా ఒకేలా ఉంటే, మీరు వచ్చే రైలుకూ ఎక్కే రైలుకూ మధ్య ఆరు నుంచి పన్నెండు నిమిషాలు ఉంటే, ఆ కనెక్షన్ మీకోసం ఆలోచించి పెట్టినదే. మధ్య వ్యవధి రెండు నిమిషాలే ఉంటే అది కాగితం మీది కనెక్షన్. నలభై నిమిషాలు ఉంటే అది అసలు కనెక్షనే కాదు.

ఉదయం రైళ్ళకన్నా ముందు రాత్రి రైళ్ళు చూడండి

ఇల్లు వెతికేవారు మొట్టమొదట చూసేది ఉదయం ఎనిమిదిన్నరకో తొమ్మిదికో ఆఫీసు చేర్చే రైలు. ఉదయం రైళ్ళు ఎప్పుడూ బాగానే ఉంటాయి, ఆ వేళకు అందరికీ అవే కావాలి కనుక. ఊరి అసలు యోగ్యత తెలిసేది రాత్రి పట్టికలో. ఆఫీసు వదిలే వేళ తరువాత వచ్చే రైళ్ళన్నీ రాసి, చివరి మూడింటి కింద గీత గీయండి. చివరి రైలుకూ దాని ముందు రైలుకూ మధ్య ఎంత వ్యవధి ఉందో, చివరి రైలు వారంలో ఏయే రోజుల్లో నడవదో చూడండి. మీరు మామూలుగా పట్టే రైలు తరువాత ఇంకా కనీసం రెండు రైళ్ళు లేని ఊరిని నేనైతే జాబితాలో ఉంచను. ఒక రైలు తప్పడం మీ చేతిలో ఉండవచ్చు, రెండోది రద్దు కావడం ఎవరి చేతిలోనూ ఉండదు.

రైలుతోపాటు, స్టేషన్ నుంచి ఇంటికి తీసుకెళ్ళే బస్సు కూడా ఆ వేళకు ఉండాలి. నా మొదటి ఇల్లు స్టేషన్‌కు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉండేది. రైళ్ళు రాత్రి పదకొండు దాకా ఉన్నాయి, బస్సు మాత్రం ఎనిమిదింటికే ఆగిపోయేది. ఇల్లు చూసినప్పుడు రైళ్ళ పట్టికను శ్రద్ధగా చదివాను, బస్సుల పట్టికను చదవలేదు. ఆ చలికాలంలో తొమ్మిది రాత్రులు ఆరు కిలోమీటర్లూ నడిచాను. ఆ నడకలో ఒక రాత్రి, ఫోనులో ఛార్జింగ్ అయిపోయి, ఇంట్లోవాళ్ళు నాకేమైందోనని కంగారుపడి వీధి చివర దాకా వచ్చి నిలబడ్డారు. వాళ్ళను అలా చూసిన రాత్రే ఇల్లు మారాలని నిశ్చయించుకున్నాను.

కూర్చునే చోటు దొరుకుతుందా?

రైలు ప్రయాణానికి ఉన్న గొప్ప లాభం, ఆ సమయాన్ని వాడుకోగలగడం. చదువుకోవచ్చు, కొంత పని ముగించుకోవచ్చు, కళ్ళు మూసుకోవచ్చు. నిలబడవలసి వస్తే ఆ లాభం పూర్తిగా పోతుంది. కూర్చుని చేసే డెబ్భై నిమిషాలను నిలబడి చేసే నలభై అయిదు నిమిషాలకన్నా మేలుగా నేను లెక్కిస్తాను, ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

అందువల్ల మీ రైలు ఎక్కడ మొదలవుతుందో కనుక్కోండి. రైలు బయలుదేరే స్టేషన్‌లో ఎక్కేవారికి పెట్టె ఖాళీగా దొరుకుతుంది, నాలుగు స్టేషన్ల తరువాత ఎక్కేవారికి తలుపు దగ్గర చోటు దొరుకుతుంది. ఒక్కోసారి రెండు స్టేషన్లు వెనక్కి వెళ్ళి ఇల్లు తీసుకోవడం వల్ల ప్రయాణం పది నిమిషాలు పెరిగినా రోజూ సీటు ఖాయమవుతుంది. సాయంత్రం ఈ లెక్క తారుమారవుతుందని గుర్తుంచుకోండి: అప్పుడు సీటు దొరకడం మీ ఆఫీసు దగ్గరి స్టేషన్ రైలు మొదలయ్యే చోటా, మధ్యలోదా అన్నదానిపై ఆధారపడుతుంది. జనమంతా వెళ్ళే దిక్కుకు ఎదురుగా ప్రయాణించే అదృష్టం, అంటే నగరంలో ఇల్లూ బయట ఉద్యోగమూ ఉంటే, ఈ బాధలేవీ ఉండవు.

పట్టాల సంగతి తెలుసుకోండి

ఒకే లైను ఉన్న మార్గంలో ఎదురెదురు రైళ్ళు క్రాసింగ్ స్టేషన్లలో మాత్రమే ఒకదాన్నొకటి దాటగలవు. అటు నుంచి వచ్చేది ఆలస్యమైతే ఇటు నుంచి వెళ్ళేది దానికోసం ఆగవలసిందే, ఆ ఆలస్యం మళ్ళీ తరువాతి రైలుకు అంటుకుంటుంది. డబుల్ లైను మీద ఈ అంటువ్యాధి తక్కువ. గూడ్సు బండ్లు, దూరప్రాంత రైళ్ళు, మీ ప్యాసింజర్ అన్నీ ఒకే పట్టాల మీద నడిచే మార్గంలో, ఆలస్యం జరిగినప్పుడు ఎక్కువగా పక్క లూప్ లైనులోకి మళ్ళించి ఆపేది ప్యాసింజర్‌నే. మీరు అనుకుంటున్న ఊరికీ నగరానికీ మధ్య ఎన్ని పట్టాలున్నాయో, ఎక్కడ ఒకే లైనుగా ఇరుకవుతుందో మ్యాపులో ఉపగ్రహ చిత్రం పెద్దది చేసి చూస్తే కనిపిస్తుంది. రెండో లైను వేయడమో, సిగ్నళ్ళు మార్చడమో జరగబోతుంటే అది పూర్తయ్యాక మేలే, కానీ పని సాగినంత కాలం వారాంతాల్లో, రాత్రుల్లో రైళ్ళు రద్దవుతాయి.

కాగితాల మీద తెలియనిది ప్లాట్‌ఫారం మీద తెలుస్తుంది. మీరు ఎక్కబోయే రైలు కోసం రోజూ నిలబడేవారిని అడగండి, “రైలు బాగుంటుందా?” అని కాకుండా, “పోయిన నెలలో ఎన్నిసార్లు ఇంటికి చాలా ఆలస్యంగా చేరారు?” అని అడగండి. ఆ రైలు అసలు చేరిన వేళను ఫోనులో చూసి ఇరవై పనిరోజులు రాసుకోండి. రాసుకున్నాక సగటు తీయకండి. తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చి పద్దెనిమిదో అంకెను చూడండి. రైలు రోజూ ఆ వేళకే చేరుతుందనుకుని మీ ప్రయాణ సమయం లెక్కించి హద్దుతో పోల్చండి. సగటు ఆరు నిమిషాల ఆలస్యమే అయినా పద్దెనిమిదో అంకెలో ఆలస్యం ముప్ఫై నిమిషాలున్న రైలును నమ్ముకుని ఉదయం సమావేశాలు పెట్టుకోలేరు.

స్టేషన్‌కూ ఇంటికీ మధ్య

ఇక ఊళ్ళోకి రండి. స్టేషన్‌కు పదిహేను నిమిషాల నడకలో ఉన్న చిన్న ఇల్లు, పదిహేను నిమిషాల కారు దూరంలో ఉన్న పెద్ద ఇంటికన్నా దూరపు ప్రయాణికుడికి ఎక్కువ పనికొస్తుంది. నడకకు టైమ్‌టేబుల్ లేదు, ఆలస్యం లేదు, బండి నిలిపే చోటు వెతుక్కునే పని లేదు. స్టేషన్ దగ్గర పార్కింగ్ ఎనిమిదింటికి ముందే నిండిపోతుంటే, మీరు పట్టే రైలుకన్నా ముందు రైలు వేళకే ఇంట్లోంచి కదలవలసి వస్తుంది. సైకిలు మంచి మధ్యేమార్గం, అది తడవకుండా, దొంగల పాలు కాకుండా పెట్టుకునే చోటు స్టేషన్‌లో ఉంటే.

ఇల్లు పట్టాలకు ఏ వైపున ఉందో చూడండి. అవతలి వైపున ఉండి, దాటడానికి లెవెల్ క్రాసింగ్ ఒక్కటే దారి అయితే, మీ రైలు వచ్చే వేళకే దాని గేటు పడుతుంది. కళ్ళెదుటే రైలు వచ్చి వెళ్ళిపోతుంటే మీరు గేటు బయట నిలబడాలి. పట్టాల పక్క ఇల్లయితే రాత్రి పన్నెండు తరువాత ఒకసారి వెళ్ళి ఆ వీధిలో అరగంట నిలబడండి. పగలు ఇల్లు చూపించేవారు గూడ్సు బండ్లు నడిచే వేళకు తీసుకెళ్ళరు. తెల్లవారుజామున లేవవలసినవారికి నిద్ర చెడితే మిగతా సౌకర్యాలేవీ దాన్ని పూడ్చలేవు.

ఖర్చు

దీన్ని త్వరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే లెక్క తేలికే. నగరం నుంచి దూరం పోయినకొద్దీ అద్దె తగ్గుతుంది, ప్రయాణ ఖర్చు పెరుగుతుంది. అమెరికా ఆర్థికవేత్త విలియం అలాన్సో 1964లో ఈ మార్పిడినే నగర భూమి ధరలకు మూలసూత్రంగా చూపాడు. నగరంలో ఇంటి అద్దెలోంచి ఇక్కడి అద్దె తీసేయండి. మిగిలినదాంట్లోంచి నెలవారీ సీజన్ టికెట్, స్టేషన్‌కు వెళ్ళే ఖర్చు, అవసరమైతే రెండో వాహనం ఖర్చు, నెలకు రెండుసార్లు టాక్సీ, అప్పుడప్పుడు నగరంలో రాత్రి బస తీసేయండి. మిగిలిన మొత్తాన్ని నెలలో అదనంగా ప్రయాణించే గంటలతో భాగించండి. వచ్చేది మీరు ఒక గంటను ఎంతకు అమ్ముకుంటున్నారో చెప్పే ధర. అది మీ గంట జీతంలో మూడో వంతు కూడా లేకపోతే, ఆ ఇల్లు చవకైనదని నేను ఒప్పుకోను. ఛార్జీలు దశలవారీగా మారే చోట్ల, ధర మారే హద్దుకు ఒక స్టేషన్ ఇవతల ఇల్లు దొరికితే సీజన్ టికెట్‌లో ఏటా కనిపించేంత తేడా వస్తుంది.

ఇంట్లోవారితో కూర్చోండి

మీరు రోజుకు పన్నెండు గంటలు ఇంట్లో ఉండరు. ఆ పన్నెండు గంటల్లో పిల్లవాడికి జ్వరం వస్తే బడికి ఎవరు వెళ్తారు, నీళ్ళ పైపు పగిలితే ఎవరు చూస్తారు, పెద్దవాళ్ళను డాక్టరు దగ్గరకు ఎవరు తీసుకెళ్తారు అన్నవి ఇల్లు ఎంచుకునే ముందే తేలాలి. చాలా ఇళ్ళలో ఈ పనులన్నీ మాట్లాడుకోకుండానే ఒకరి మీద పడతాయి. సాధారణంగా ఆ ఒకరు భార్య. ఆమెకూ ఉద్యోగం ఉంటే ఈ ఏర్పాటు కొన్ని నెలలకు మించి నిలవదు. అందుకే జాబితాలో మిగిలిన రెండు మూడు ఊళ్ళ గురించి మీరొక్కరే తీర్పు చెప్పకండి. బడి, ఆసుపత్రి, కూరగాయల దుకాణం ఇంటికి నడిచే దూరంలో ఉన్నాయా అన్నది రైలుకన్నా వారికి ముఖ్యం, రోజంతా ఆ ఊళ్ళో ఉండేది వారు కనుక. అరగంటలో ఇంటికి చేరగల బంధువో స్నేహితుడో ఉన్న ఊరు, పది నిమిషాలు ఎక్కువ ప్రయాణమైనా, మేలైన ఊరు.

సంతకం పెట్టే ముందు వారం రోజులు ఉండి చూడండి

ఒక్క ఊరు తేలాక అక్కడ ఎక్కడైనా గది తీసుకుని ఒక పనివారమంతా ఉండి, నిజంగానే ఆఫీసుకు వెళ్ళి రండి. సోమవారం ఉదయం, శుక్రవారం సాయంత్రం తప్పకుండా ఉండేలా చూసుకోండి, కొన్ని మార్గాల్లో ఆ రెండు వేళలు మిగతా వారానికన్నా ఎక్కువ కిక్కిరిసి ఉంటాయి. వీలైతే వానలోనో చలిలోనో, మీ ప్రాంతంలో ఏది కష్టకాలమో అప్పుడే ఉండండి. ఒక సాయంత్రం కావాలనే ఆఫీసులో ఆలస్యం చేసి చివరి రైలుకు ముందు రైలు పట్టుకుని, స్టేషన్ నుంచి ఇంటికి ఆ చీకట్లో నడిచి రండి. దీపాలు లేని వీధి, మూసేసిన స్టేషన్ ద్వారం, కుక్కలు తిరిగే మలుపు ఏవైనా ఉంటే ఆ రాత్రే తెలుస్తాయి. ఇంట్లో స్త్రీలు కూడా ఆ రైలు పట్టవలసి వస్తే, వారు కూడా ఆ దారిలో నడిచి చూసి చెప్పే మాటే చివరి మాట కావాలి.

వారం తరువాత కూడా ఇల్లు కొనకండి, అద్దెకు తీసుకోండి. రైళ్ళ వేళలు మారతాయి. ఐరోపా దేశాల్లో ప్రతి డిసెంబరు రెండో వారాంతంలో కొత్త టైమ్‌టేబుల్ అమల్లోకి వస్తుంది. ఇతర చోట్ల కూడా ఏడాదికో రెండుసార్లో మార్పులు జరుగుతుంటాయి. మీరు ఆధారపడిన ఎక్స్‌ప్రెస్ ఆ ఊళ్ళో ఆగడం మానేస్తే, సొంత ఇల్లు ఉన్నవారు ఇరుక్కుపోతారు. అద్దె ఒప్పందంలో ఖాళీ చేయడానికి ఇవ్వవలసిన గడువు రెండు నెలలకు మించకుండా రాయించుకోండి. కనీసం ఒక టైమ్‌టేబుల్ మార్పు, ఒక కష్టకాలం ఆ ఇంట్లో గడిచేదాకా కొనుగోలు మాట ఎత్తకండి. మొదట రాసుకున్న హద్దు కాగితాన్ని తలుపు వెనక అంటించి, మొదటి ఆరు నెలలూ ప్రతి శుక్రవారం రాత్రి ఆ వారం గడప నుంచి గడప దాకా పట్టిన అసలు సమయాన్ని దాని కింద రాయండి. వరుసగా ఆరు వారాలు హద్దు దాటితే ఇంటి యజమానికి గడువు నోటీసు ఇచ్చి, పట్టికలో రెండో స్థానంలో ఉన్న ఊరికి ఒకసారి రైలెక్కి వెళ్ళి రండి.